గిండీలో సివిలా, బయట కాలేజీలో కంప్యూటర్ సైన్సా? అమ్మాయి మాట ఒకటి, ఇంట్లో వాళ్ళ మాట ఇంకొకటి

పెరంబూర్_అమ్మ
మాది నెల్లూరు వైపు. మావారి ఉద్యోగం వల్ల చెన్నై పెరంబూరులో స్థిరపడ్డాం. అమ్మాయి ప్లస్ టూ అయింది, 200కి కటాఫ్ 190 దాటింది. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. తనకి అన్నా యూనివర్సిటీ గిండీ క్యాంపస్‌లో సివిల్ కావాలట. ఆ ఒక్కటే పట్టుకుని కూర్చుంది. మా మరిది ఐటీలో ఉన్నాడు. "వదినా, ఈ రోజుల్లో సివిల్ ఏంటి, ఏదైనా మంచి ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్ వస్తుంది, దాంట్లో వేసెయ్" అంటాడు. మా అత్తగారేమో ఆడపిల్ల ఎండలో సైటు మీద నిలబడి మేస్త్రీలతో అరుచుకుంటుందా అని బాధపడుతున్నారు. మావారు ఎటూ చెప్పరు. నేను చదివింది బీకాం. నాకు ఈ బ్రాంచీల సంగతి తెలియదు. తెలిసినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఓఎంఆర్_ఉద్యోగి
మీ మరిది మాటే నా మాట. కంప్యూటర్ సైన్స్ తీసుకోమనండి. నేను చదివింది మెకానికల్, చేసేది కోడింగ్. మా టీమ్‌లో సగం మంది అంతే. చివరికి అక్కడికే రావాలంటే మొదటే అక్కడ చేరడం మేలు కదా.

గిండీ_సివిల్_సీనియర్
పైన తమ్ముడు చెప్పింది తన విషయంలో నిజం. అందరి విషయంలో కాదు. నేను అదే క్యాంపస్‌లో సివిల్ చదివి ఇదే ఊళ్ళో నిర్మాణ రంగంలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు కాలేజీ గురించి. 1794లో సర్వే నేర్పే బడిగా మొదలైంది. మన దేశంలో దీనికంటే పాత ఇంజినీరింగ్ చదువుల చోటు దొరకడం కష్టం. అన్నా యూనివర్సిటీ ఏర్పడింది 1978లో. గిండీ ఇంజినీరింగ్ కాలేజీ, ఏసీ టెక్ (అళగప్ప చెట్టియార్ టెక్నాలజీ కాలేజీ), ఆర్కిటెక్చర్ స్కూలు, క్రోంపేటలో ఎంఐటీ (మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ), ఈ నాలుగూ యూనివర్సిటీ సొంత విభాగాలు. మిగతా వందల కాలేజీలు అఫిలియేటెడ్, అంటే యూనివర్సిటీకి అనుబంధంగా నడిచేవి. రెండు చోట్లా పట్టా మీద అదే యూనివర్సిటీ పేరు ఉంటుంది. కానీ లోపల చదువు, ల్యాబులు, పక్కన కూర్చునే పిల్లలు ఒకటి కాదు. ఈ తేడా చాలామంది తల్లిదండ్రులకి తెలియదు.

ఇక ఉద్యోగాలు. క్యాంపస్ నియామకాలన్నీ యూనివర్సిటీ వాళ్ళ ఒకే కేంద్రం చూస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలావాటికి బ్రాంచి పట్టింపు ఉండదు, సివిల్ పిల్లలూ రాయొచ్చు. కోర్ కంపెనీలు, అంటే నిర్మాణ రంగంవి, సివిల్ వాళ్ళ కోసమే వస్తాయి. మొదటి జీతం కోర్‌లో తక్కువ, అది దాచను. ఐదారేళ్ళు గట్టిగా పనిచేసినవాడికి ఆ తేడా బాగా తగ్గుతుంది. కొందరికి అసలు ఉండదు.

ఇంతకీ మీ అమ్మాయికి సివిల్ ఎందుకు కావాలి? అది మీరు రాయలేదు. నా సలహా దాని మీదే ఉంటుంది.

వేళచ్చేరి_వాసి
కటాఫ్ 190 దాటి సివిలా అని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడితే తెల్లారేదాకా నిద్రపోరు 😄

పెరంబూర్_అమ్మ
@గిండీ_సివిల్_సీనియర్ ఎందుకంటే, మా ఇంటి దగ్గర మెట్రో పని జరుగుతోంది. సొరంగం కోసం పెద్ద గొయ్యి తవ్వారు. ట్యూషన్ నుంచి వస్తూ అక్కడ రేకుల సందులోంచి చూస్తూ నిలబడిపోతుంది. ఒక నోటుబుక్కు పెట్టుకుంది. ఏ వారం ఏం దించారు, ఏ క్రేను వచ్చింది, బొమ్మలతో సహా రాసుకుంటుంది. మట్టి ఏ లోతులో ఏ రంగులో వచ్చిందో కూడా రాసింది. నీళ్ళు తోడేసే పంపులు రాత్రంతా ఎందుకు నడుస్తాయని వాళ్ళ నాన్నని అడిగితే ఆయన చెప్పలేకపోయారు. తనే వెళ్ళి అక్కడి సూపర్‌వైజర్‌ని అడిగి వచ్చింది.

గిండీ_సివిల్_సీనియర్
అయితే నాకు ఇంకో ప్రశ్న లేదు. చేర్చండి.

మట్టి రంగు రాసుకునే పిల్లలు నేను చూసినవాళ్ళలో బహు తక్కువ. జియోటెక్నికల్ అని ఒక శాఖ ఉంది, నేల గుణాన్ని బట్టి పునాదులు, సొరంగాలు లెక్కగట్టేది. ఆ పంపులు ఆపితే భూగర్భ జలం గోతిలోకి ఉబికి వస్తుంది, పక్క ఇళ్ళ పునాదులకీ ముప్పు. ఆ ప్రశ్న అడిగిందంటే సగం దారి నడిచినట్టే. చెన్నై మెట్రో రెండో దశ 118.9 కిలోమీటర్లు, మూడు మార్గాలు. అందులో మాధవరం నుంచి సిరుసేరి సిప్‌కాట్ వెళ్ళే మార్గం మీ పెరంబూరు కిందనుంచే పోతుంది.

ఓఎంఆర్_ఉద్యోగి
ఆసక్తి వేరు, బతుకు తెరువు వేరు అన్నా. 17 ఏళ్ళ వయసు ఆసక్తి నాలుగేళ్ళు నిలుస్తుందా? నాకు కార్లంటే పిచ్చి అని మెకానికల్‌లో చేరాను. థర్మోడైనమిక్స్ పుస్తకంలో కారు ఎక్కడా కనబడలేదు.

క్రోంపేట_ఏరో
😂 మాకు రెండో ఏడాది దాకా విమానమూ కనబడలేదు లెండి. కానీ కనబడిన రోజున ఆ లెక్కలన్నీ ఎందుకో అర్థమైంది. మా ఎంఐటీలోనే కలాంగారు ఏరోనాటికల్ చదివింది. ఊళ్ళో ఎంఐటీ అంటే అందరూ అమెరికా అనుకుని మా అమ్మకి తెగ మర్యాద చేసేవారు. క్రోంపేట స్టేషన్ పక్కన అని ఆవిడే చెప్పేది.

అంబత్తూర్_నాన్న
నేను రెండో దారిలో వెళ్ళిన తండ్రిని. మా వాడికి యూనివర్సిటీ క్యాంపస్‌లో వేరే బ్రాంచి వచ్చే అవకాశం ఉన్నా, అందరూ చెప్పారని ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్‌లో వేశాం. పేరు రాయను. గోడలనిండా ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీలు. చేరాక తెలిసింది, ఒకే పిల్లాడికి మూడు ఆఫర్లు వస్తే మూడు లెక్కల్లో వేస్తారని. సెక్షన్ల మీద సెక్షన్లు, ప్రోగ్రామింగ్ చెప్పే సార్లు సెమిస్టర్ మధ్యలో మారిపోయేవారు. మా వాడు బుద్ధిమంతుడు, సొంతంగా నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్నాడు. కాలేజీ వల్ల కాదు.

అందుకే చెప్తున్నా. కంప్యూటర్ సైన్స్ అన్న మాట చూసి కాదు, ఏ కాలేజీ కంప్యూటర్ సైన్స్ అన్నది చూడండి. అఫిలియేటెడ్ కాలేజీల్లో ఎంతమంది పాసయ్యారో యూనివర్సిటీ ప్రతి సెమిస్టరుకీ జాబితా పెడుతుంది. అది తీసి చూడండి. ఆ బ్రాంచికి ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) గుర్తింపు ఉందో లేదో చూడండి, కాలేజీకి కాదు, ఆ బ్రాంచికి. ఒక పని రోజున మధ్యాహ్నం వెళ్ళి ల్యాబులో ఎన్ని కంప్యూటర్ల ముందు పిల్లలు ఉన్నారో చూసి రండి.

పెరంబూర్_అమ్మ
@అంబత్తూర్_నాన్న ఆ జాబితా సంగతి ఇవాళే వింటున్నాను. చాలా థ్యాంక్స్ అండీ. మరిది చెప్పిన మూడు కాలేజీలూ ఈ రాత్రే చూస్తాను.

మైలాపూర్_బాబాయ్
ఒక అనుమానం. వీళ్ళది నెల్లూరు అన్నారు. తమిళనాడు నేటివిటీ (స్థానికత) లేకపోతే అసలు కౌన్సెలింగ్‌కి రానిస్తారా? ముందు అది తేల్చండి.

టి_నగర్_అక్క
రానిస్తారు. ఎనిమిది నుంచి ప్లస్ టూ దాకా తమిళనాడులోనే చదివితే నేటివిటీ సర్టిఫికేట్ అక్కర్లేదు. కానీ వేరే రాష్ట్రం వాళ్ళని ఓసీ కిందే చూస్తారు. అంటే మొత్తం సీట్లలో 69 శాతం రిజర్వేషన్ పోను మిగిలిన 31 శాతంలో అందరితో పోటీ. మీ అమ్మాయి ఆ తరగతులన్నీ ఇక్కడే చదివిందా?

పెరంబూర్_అమ్మ
అవునక్కా, ఎల్‌కేజీ నుంచీ ఇక్కడే.

టి_నగర్_అక్క
అయితే భయం లేదు. ఆ తరగతుల సర్టిఫికేట్లన్నీ స్కాన్ చేసి పెట్టుకో. స్కూలు మారి ఉంటే ప్రతి స్కూలు నుంచీ కావాలి. మా చెల్లెలు కూతురికి ఎనిమిదో తరగతి కాగితం దొరక్క చివరి రోజు దాకా టెన్షన్ పడ్డాం.

విజయవాడ_నుంచి
ఇక్కడ ఎంట్రన్స్ లేదా? మాకు ఈఏపీసెట్ రాయకుండా ఏమీ జరగదు.

టి_నగర్_అక్క
లేదు. 2006లో చట్టం చేసి ఎంట్రన్స్ తీసేశారు. ప్లస్ టూ మార్కులే. లెక్కలు 100కి, ఫిజిక్స్ 50కి, కెమిస్ట్రీ 50కి కుదించి 200కి కటాఫ్ వేస్తారు. ఒకే కటాఫ్ వచ్చినవాళ్ళలో ముందు లెక్కల మార్కులు చూస్తారు.

సివిల్_మూడో_సెమ్
అక్కడే చదువుతున్నాను కాబట్టి నాన్నమ్మగారి భయానికి నేను సమాధానం చెప్తాను ఆంటీ. మా క్లాసులో అమ్మాయిలు చాలామందే ఉన్నాం. సర్వే ప్రాక్టికల్స్‌కి పొద్దున్నే క్యాంపస్‌లో స్టాండు మోసుకుని తిరుగుతాం. ఎండ ఉంటుంది. టోపీ పెట్టుకుంటాం, నీళ్ళ సీసా పట్టుకెళ్తాం, ముగ్గురం ముగ్గురం వంతులేసుకుంటాం. లెవెల్ యంత్రంలో బుడగ మధ్యకి వచ్చేదాకా కింద మూడు మరలూ తిప్పుతూ ఉండాలి. అది కుదిరిన క్షణం నాకు భలే ఇష్టం. కాంక్రీటు దిమ్మలు మేమే పోసి, 28 రోజులు నీళ్ళలో నానబెట్టి, మెషిన్‌లో పెట్టి పగలగొడతాం. ఏ బరువు దగ్గర పగిలిందో రాస్తాం. మా బ్యాచ్ దిమ్మ అనుకున్నదానికంటే గట్టిగా నిలబడితే క్యాంటీన్‌లో అందరికీ టీ.

సివిల్ అంటే సైటు ఒక్కటే కాదు. డిజైన్ ఆఫీసులు, నీటి వనరులు, పర్యావరణం, రవాణా, రిమోట్ సెన్సింగ్, అన్నీ ఉన్నాయి. ఫస్టియర్‌లో మాకూ పైథాన్ ఉంది.

ఇంకో మాట. మన దేశంలో మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజినీరు అయ్యలసోమయాజుల లలితగారు, తెలుగావిడ, చదివింది ఈ కాలేజీలోనే. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయారు, చేతిలో పసిపిల్ల. వాళ్ళ నాన్నగారు ఇక్కడే ప్రొఫెసరు. ఆయన ప్రోత్సాహంతో చేరి 1943లో చదువు ముగించారు. ఆవిడ చదివే రోజుల్లోనే సివిల్‌లో ఇంకో ఇద్దరు ఆడపిల్లలు చేరారు. లలితగారు తరువాత భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లో పనిచేశారు. ఎనభై ఏళ్ళ కిందటే ఆవిడ చేయగలిగారు. మీ అత్తయ్యగారికి ఈ సంగతి చెప్పండి.

పెరంబూర్_అమ్మ
చదివి వినిపించాను తల్లీ. పసిపిల్ల అన్న చోట మా అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఆవిడ నాన్నలాంటి నాన్న ఉంటే ఎవరైనా చదువుతారు" అని మావారి వైపు చూశారు. మావారు ఇప్పుడు కొంచెం మాట్లాడుతున్నారు 🙂

రిటైర్డ్_నీటిపారుదల
నేను ప్రభుత్వ నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను. మద్రాసులో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళలో కృష్ణ నీళ్ళూ ఉన్నాయని ఇక్కడ పుట్టిన మన పిల్లలకి తెలియదు. 1983లో రెండు రాష్ట్రాల ఒప్పందం, 1996లో మొదటిసారి నీళ్ళు పూండి రిజర్వాయరుకి చేరాయి. కండలేరు నుంచి పూండి దాకా సుమారు 177 కిలోమీటర్ల కాలవ. ఎక్కడా పంపులు పెట్టి ఎత్తిపోయకుండా వాలు మీదే ఆ దూరం నడిపించాలంటే ప్రతి మైలుకీ నేల మట్టం అంగుళాల్లో లెక్క కట్టాలి. గట్లు కోసుకుపోయి నీళ్ళు ఇంకిపోతుంటే తరువాత లైనింగ్ పని చేయాల్సి వచ్చింది. ఇది సివిల్ ఇంజినీరు పని. దీనికి ఏ రోజూ గిరాకీ తగ్గదు, ఎందుకంటే దాహం తగ్గదు.

నాగార్జునసాగర్ డిజైన్ చేసిన కె.ఎల్. రావుగారు గిండీ విద్యార్థే. కృష్ణా జిల్లా మనిషి. తరువాత కేంద్రంలో నీటిపారుదల మంత్రి అయ్యారు. పులిచింతలకి ఆయన పేరే పెట్టారు.

ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే రెండు దారులు. యూపీఎస్సీ వారి ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష నాలుగు శాఖలకే ఉంది: సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్. కంప్యూటర్ సైన్స్ పేపరు దానిలో లేదు. రెండోది టీఎన్‌పీఎస్‌సీ, అంటే తమిళనాడు పబ్లిక్ సర్వీస్ కమిషన్. దానికి ఇప్పుడు తమిళం అర్హత పేపరు తప్పనిసరి, 40 శాతం రాకపోతే మిగతా పేపర్లు దిద్దరు. అమ్మాయి స్కూల్లో తమిళం చదివిందా?

పెరంబూర్_అమ్మ
చదివిందండీ. నాకంటే బాగా రాస్తుంది. తెలుగే కూడబలుక్కుని చదువుతుంది.

ఓఎంఆర్_ఉద్యోగి
పెద్దాయన చెప్పింది గౌరవంగా వింటాను. కానీ ఇంజినీరింగ్ సర్వీసెస్‌లో ఏటా తీసుకునేది కొన్ని వందలమందినే, రాసేవాళ్ళు దానికి ఎన్నో రెట్లు. దాన్ని దారి అని చెప్పి ఆశ పెట్టకూడదు. టీఎన్‌పీఎస్‌సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్న నా క్లాస్‌మేట్లు ఉన్నారు. వాళ్ళకి పెళ్ళిళ్ళు కూడా ఆగిపోయాయి.

రిటైర్డ్_నీటిపారుదల
పోటీ ఎక్కువ, ఒప్పుకుంటాను బాబూ. అందుకే ఉద్యోగం చేసుకుంటూ రాయమని నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లకీ చెప్తాను. గేట్ రాసినా పనికొస్తుంది. ఆ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది, ఎంటెక్‌కీ, ప్రభుత్వ రంగ సంస్థలకీ రెండిటికీ పనిచేస్తుంది. క్యాంపస్ ఎదురుగా రోడ్డుకి అటువైపు ఐఐటీ ఉండనే ఉంది.

లెదర్‌టెక్_వాణి
అందరూ సివిల్, కంప్యూటర్ సైన్స్ అని రెండే మాట్లాడుతున్నారు. అదే క్యాంపస్‌లో ఏసీ టెక్‌లో నేను లెదర్ టెక్నాలజీ చదివాను. చేరేటప్పుడు చుట్టాలంతా "చెప్పులు కుట్టే చదువా" అన్నారు. ఆ మాట చాలా బాధపెట్టింది, చుట్టాలమీద కోపంతో కాదు, ఆ పని చేసేవాళ్ళంటే అంత చులకన ఏమిటని. మా పక్కనే కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది, సగం చదువు అక్కడే. పచ్చి తోలు మీద వెంట్రుకలు తీయడానికి వాడే సున్నం, సల్ఫైడు నీళ్ళల్లో కలిస్తే పాలారు ఒడ్డున పొలాలు ఏమవుతాయో కళ్ళారా చూశాం. దానికి బదులు ఎంజైములు వాడే పద్ధతి మీద నా ప్రాజెక్టు. ఆంబూరు, రాణిపేట, వాణియంబాడి అంతా మాకు ఉద్యోగాలిచ్చే ఊళ్ళు. నేను ఎగుమతి కంపెనీలో క్వాలిటీ విభాగం చూస్తున్నాను. చిన్న బ్రాంచి కాబట్టి సీనియర్లకి ప్రతి జూనియర్ పేరూ తెలుసు. ఒక ఫోను చేస్తే పనైపోతుంది.

పెరంబూర్ అక్కా, సివిల్ రాకపోతే అదే క్యాంపస్‌లో జియోఇన్ఫర్మాటిక్స్ (ఉపగ్రహ చిత్రాలు, మ్యాపుల చదువు), మైనింగ్, వ్యవసాయ నీటిపారుదల ఇంజినీరింగ్ కూడా ఉన్నాయి. మట్టి రంగు రాసుకునే పిల్లకి అవీ నచ్చొచ్చు. సిలబస్ తెరిచి తననే చదవమను.

డిజైన్_ఆఫీస్_సుందరి
నేను స్ట్రక్చరల్ డిజైనర్‌ని. గిండీలో ఆఫీసు. నా రోజంతా ఏసీలోనే, ఈటాబ్స్, స్టాడ్, రెవిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ల ముందు. విదేశాల్లో కట్టే భవనాలకి ఇక్కడ నుంచే డ్రాయింగులు వెళ్తాయి. ఓఎంఆర్ తమ్ముడికి తెలియాల్సింది ఏమిటంటే, మా ఆఫీసులో పైథాన్ తెలిసిన సివిల్ ఇంజినీరు దొరికితే కళ్ళకద్దుకుంటాం. దూలాలు వందల్లో ఉంటాయి, ప్రతిదానికీ చేత్తో లెక్క చేస్తే నెలలు పడుతుంది. స్క్రిప్టు రాసేవాళ్ళు ఒక రోజులో చేస్తారు. కానీ ఆ లెక్క తప్పొచ్చినప్పుడు పట్టుకోగలిగేది దూలం ఎలా వంగుతుందో తెలిసినవాళ్ళే. ఆ తెలివి కంప్యూటర్ కోర్సులో రాదు.

అయితే సైటు తప్పించుకోవద్దని కూడా చెప్తాను. మొదటి రెండేళ్ళు సైటులో ఉన్నవాళ్ళ డ్రాయింగు వేరు. కమ్మీలు కట్టేవాడి చెయ్యి దూరే చోటు వదలాలన్న సంగతి ఆఫీసులో కూర్చుంటే తట్టదు. ఆడవాళ్ళకి సైటులో టాయిలెట్ల ఇబ్బంది ఇప్పటికీ ఉంది. పెద్ద కంపెనీల్లో మెరుగు, చిన్న కాంట్రాక్టర్ల దగ్గర దారుణం. చేరేముందు అడగాలి. సిగ్గుపడకుండా అడగాలి.

ఓఎంఆర్_ఉద్యోగి
సరే, మీ ఆఫీసు సంగతి నాకు కొత్త. కానీ ఆ అమ్మాయికి కోడింగ్ కూడా నచ్చితే? రెండూ చేసే వీలుందా?

సివిల్_మూడో_సెమ్
ఉందన్నా. మైనర్ డిగ్రీ అని 18 క్రెడిట్లు అదనంగా చదవొచ్చు, వేరే రంగంలో. అదనపు క్లాసులు, అదనపు పరీక్షలు, అరియర్స్ (తప్పిన సబ్జెక్టులు) లేకుండా చూసుకోవాలి. గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐ పేపరు కూడా వచ్చింది. మా సీనియర్లలో కొందరు దానికి చదువుతున్నారు.

అంబత్తూర్_నాన్న
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. యూనివర్సిటీ విభాగాల్లో ఫీజుకీ ప్రైవేటు కాలేజీ ఖర్చుకీ పోలికే లేదు. ఫీజు, బస్సు, ఆ డెవలప్‌మెంటు, ఈ ట్రైనింగు అని నాలుగేళ్ళూ లాగుతూనే ఉంటారు. కానీ యూనివర్సిటీలోనూ సెల్ఫ్ సపోర్టింగ్ అని కొన్ని కోర్సులున్నాయి, వాటికి ఫీజు ఎక్కువ. ఆప్షన్ పెట్టేటప్పుడు పేరు పక్కన ఆ మాట ఉందో లేదో చూసుకోండి. ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళు ఎవరూ లేకపోతే ఫస్ట్ గ్రాడ్యుయేట్ రాయితీ వస్తుంది, మీరు బీకాం అన్నారు కాబట్టి మీకు రాదు.

మైలాపూర్_బాబాయ్
నా మాట కూడా వినండి. నేను బ్యాంకులో లోన్లు చూశాను. కంప్యూటర్ సైన్స్ కోసం అప్పు చేసి ఉద్యోగం రాక వడ్డీ కట్టలేనివాళ్ళనీ చూశాను, సివిల్ చదివి చిన్న బిల్డర్ దగ్గర నెలల తరబడి జీతం అందనివాళ్ళనీ చూశాను. అప్పు లేకుండా చదివే అవకాశం ఉంటే అదే సగం బలం. పిల్లకి నచ్చని మొదటి ఉద్యోగాన్ని వదులుకునే ధైర్యం అప్పు లేనప్పుడే ఉంటుంది.

ఓఎంఆర్_ఉద్యోగి
బాబాయ్ చెప్పిన ఈ పాయింటు నేను కాదనలేను.

పెరంబూర్_అమ్మ
నేను రాస్తున్నది అమ్మ ఫోనులోంచి, నేనే ఆ అమ్మాయిని. అన్నీ చదివాను. తెలుగులో చిన్నగా టైప్ చేస్తున్నాను.

నాకు కంప్యూటర్ అంటే ఇష్టం లేక కాదు. 2015 వరదల్లో నాకు ఊహ తెలిసీ తెలియని వయసు. మా వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు, మా తాతయ్యని మంచం మీద పెట్టి మేడ మీదకి మోశారు. తరువాత ప్రతి ఏడూ వానలకి ముందు కాలవ తవ్వుతారు, మళ్ళీ నీళ్ళు నిలుస్తాయి. ఎందుకు అని అడిగితే అందరూ కార్పొరేషన్‌ని తిడతారు, ఎవరూ వాలు గురించి చెప్పరు. నేను మా వీధి మూల నుంచి పెద్ద కాలవ దాకా నడిచి చూశాను. మధ్యలో కొత్తగా వేసిన రోడ్డు పాత రోడ్డుకంటే ఎత్తులో ఉంది. నీళ్ళు ఎలా పోతాయి? నాకు అది సరిగ్గా కొలవడం రావాలి. ఐటీలో ఉన్న మా బాబాయి అంటే నాకు ఇష్టమే, ఆయన నా మంచికే చెప్తున్నారు. కానీ ఈ పని ఎవరైనా చేయాలి కదా.

రిటైర్డ్_నీటిపారుదల
తల్లీ, పాత రోడ్డు పొర గీకి తీయకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోతే రోడ్డు ఏటా పెరుగుతుంది, ఇళ్ళ గడపలు పల్లమవుతాయి. నువ్వు చూసింది అదే. గీకి వేయాలని రూలుంది, అన్ని చోట్లా పాటించరు. ఇలా ఊళ్ళో వాననీళ్ళు ఎటు పోతాయో చదివేదాన్ని అర్బన్ హైడ్రాలజీ అంటారు, మూడో ఏడాదిలో దగ్గరగా చదువుతావు. ఈలోపు ఒక పని చెయ్యి. పది మీటర్ల పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ ట్యూబు కొని, నీళ్ళు నింపి, గాలి బుడగలు లేకుండా చూసి, రెండు చివర్లూ రెండు చోట్ల నిలబెట్టు. రెండు వైపులా నీటి మట్టం ఒకటే ఉంటుంది. అక్కడి నుంచి నేల దాకా స్కేలు పెట్టి కొలిస్తే ఏది ఎత్తో, ఎంత ఎత్తో తెలుస్తుంది. మేస్త్రీలు ఇప్పటికీ వాడేది ఇదే. వీధి పొడుగునా కొలిచి నీ నోటుబుక్కులో గీయి.

సివిల్_మూడో_సెమ్
చెల్లీ, గీశాక ఇక్కడ ఫోటో పెట్టు. మా సర్వే మేడమ్‌కి చూపిస్తాను.

డిజైన్_ఆఫీస్_సుందరి
ఓఎంఆర్ తమ్ముడూ, ఇంకా ఏమైనా ఉందా?

ఓఎంఆర్_ఉద్యోగి
జీతం విషయంలో నా అభిప్రాయం నాదే, మొదటి నాలుగైదేళ్ళు ఈ అమ్మాయి స్నేహితురాళ్ళు ఎక్కువ తెచ్చుకుంటారు, అది ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉండాలి. అప్పుడు మధ్యలో పోల్చి బాధపెట్టరు. ఈ అమ్మాయి వరకూ మాత్రం సివిల్ పెట్టమనే చెప్తాను. మా ఇల్లు పల్లికరణై చిత్తడి నేల దగ్గర. వాన పడితే మాకూ ఇలాంటివాళ్ళు కావాలి.

టి_నగర్_అక్క
అయితే ఆప్షన్ల వరస చెప్తాను, రాసుకో పెరంబూర్ చెల్లీ. ఎన్ని ఆప్షన్లయినా పెట్టొచ్చు, పరిమితి లేదు. వరసే ముఖ్యం. వస్తుందో రాదో అని లెక్కలేసి కిందది పైన పెట్టకూడదు. నిజంగా కావాల్సింది మొదట పెట్టాలి, రాకపోతే యంత్రం దానంతటదే తరువాతది చూస్తుంది. గిండీ సివిల్ ఒకటి. దాని కింద లెదర్‌టెక్ వాణి చెప్పినవాటిలో అమ్మాయికి నచ్చినవి. తరువాత మంచి ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో సివిల్. ఆ తరువాత మీ మరిది చెప్పిన కంప్యూటర్ సైన్స్‌లు, అంబత్తూర్ నాన్నగారి పరీక్షలో నెగ్గితేనే. కాలేజీ కోడ్ నంబరు ప్రతిసారీ సరిచూసుకో, పేర్లు ఒకేలా ఉంటాయి.

తాత్కాలిక కేటాయింపు వచ్చాక ఊరుకోకూడదు. గడువులోపల ఒప్పుకుంటున్నావా, ఒప్పుకుని పైదాని కోసం ఆగుతావా అన్నది లాగిన్ అయి చెప్పాలి. చెప్పకపోతే సీటు పోతుంది. పైదాని కోసం ఆగితే ఫీజు కౌన్సెలింగ్ వాళ్ళ ఫెసిలిటేషన్ సెంటర్లో కట్టాలి, నేరుగా కాలేజీకి వెళ్ళకూడదు.

పెరంబూర్_అమ్మ
మళ్ళీ అమ్మనే. వరస రాసుకున్నాం. మావారు లాగిన్ పాస్‌వర్డ్ తన డైరీలో రాసుకున్నారు, గడువు తేదీకి అలారం పెట్టారు. మరిదికి ఫోన్ చేసి తనే మాట్లాడారు. ప్లాస్టిక్ ట్యూబు మాత్రం తండ్రీకూతుళ్ళిద్దరూ కలిసి కొనడానికి ఇప్పుడే పెరంబూర్ బజారుకి వెళ్ళారు.

డిప్లొమా_కుర్రాడు
ఇదే థ్రెడ్‌లో అడగొచ్చా? నాది సివిల్ డిప్లొమా అయిపోతోంది. గిండీలో చేరాలంటే మళ్ళీ మొదటి ఏడాది నుంచి చదవాలా?

గిండీ_సివిల్_సీనియర్
అక్కర్లేదు, డిప్లొమా వాళ్ళు నేరుగా రెండో ఏడాదిలో చేరే లాటరల్ ఎంట్రీ ఉంది, దానికి వేరే కౌన్సెలింగ్, వేరే సీట్లు. వేరే థ్రెడ్ తెరువు తమ్ముడూ, నీ మార్కులు, ఏ పాలిటెక్నిక్ రకమో, ప్రభుత్వమా ప్రైవేటా రాయి. డిప్లొమా నుంచి వచ్చినవాళ్ళు మా బ్యాచ్‌లో ఇద్దరున్నారు, వాళ్ళనీ తీసుకొస్తాను. రెండో ఏడాది లెక్కలు వాళ్ళకి మొదట్లో కష్టమయ్యాయి, దానికి ఇప్పటి నుంచే ఏం చదవాలో వాళ్ళే చెప్తారు.